సమానంగా కోసిన డిస్కు

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు ఇప్పటికీ నాకు ఫోన్ చేసి అడుగుతుంటారు. "సార్, కంప్యూటర్లో లినక్స్ ఎక్కిస్తున్నాను. డిస్కంతా ఒకే ముక్కగా ఉంచనా, పార్టిషన్లు చెయ్యనా? చేస్తే దేనికెంత ఇవ్వాలి?" నేను వెంటనే జవాబు చెప్పను. "ఆ మిషన్‌ని ఎవరెవరు వాడతారు? వాళ్ళకు ఒకరంటే ఒకరికి పడుతుందా?" అని ఎదురు అడుగుతాను. వాళ్ళు నవ్వుతారు. ముసలాయన చాదస్తం అనుకుంటారు. అనుకోనీ. నేను డిస్కు కోసిన తీరుకు ఒక మనిషి కుడిచెయ్యి పనికిరాకుండా పోయింది. ఆ కథ చాలామందికి చెప్పాను గానీ, ఎప్పుడూ సగమే చెప్పాను. మిగతా సగం ఈరోజు రాస్తున్నాను.

అప్పుడు నేను జమ్మలమడుగులో, కాలువ నీళ్ళ వంతులు రాసే ఒక చిన్న ఆఫీసులో కంప్యూటర్ పని చూసేవాణ్ణి. ఫ్యాక్షన్ రోజులు. బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా, ఎవరిదో కనుక్కోకుండా కూర్చునేవాళ్ళం కాదు. మా కాలువ మీద రెండు ఊళ్ళుండేవి. పేర్లు చెప్పను, ఈ వయసులో నాకెందుకు ఆ తలనొప్పి. కాలువ మొదట్లో ఉన్నదాన్ని పైవూరు అంటాను, చివర ఉన్నదాన్ని కిందూరు అంటాను. ఒక ఊరి పెద్దమనిషి ఒక పార్టీలో ఉంటే, రెండో ఊరి పెద్దమనిషి దానికి ఎదుటి పార్టీలో ఉండేవాడు. ఆయన పార్టీ మారితే ఈయనా మారేవాడు. గోడల మీద రంగులు మారేవి తప్ప పగ అట్లాగే ఉండేది.

పైవూరులో రైతులు తక్కువ, పొలాలు పెద్దవి. కిందూరులో సగానికి సగం మిషన్ వాళ్ళు, అంటే తాతముత్తాతల కాలంలో దొరల క్రైస్తవ మిషన్‌లో కలిసిన కుటుంబాలు. ఒక్కొక్కరికి ఎకరమో, ముప్పావు ఎకరమో. చిన్నచిన్న కయ్యలు, శానా మంది మనుషులు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. డిస్కు కోసేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు. రాలేదనడం కూడా అబద్ధమే. వచ్చింది, భయపడి పక్కన పెట్టాను.

మా ఆఫీసు ఎదురుగా రెండు టీ హోటళ్ళుండేవి. ఒకటి పైవూరు వాళ్ళది, ఒకటి కిందూరు వాళ్ళది. నేను రోజూ రెండింటిలోనూ తాగేవాణ్ణి. ఒకచోట తాగి రెండోచోట మానితే, వాళ్ళ మనిషినని సాయంత్రానికల్లా ముద్ర పడేది. నా కడుపుమంట అప్పుడే మొదలైంది. రిటైరై ఇన్నేళ్ళయినా మందులు మింగుతూనే ఉన్నాను.

అంతకుముందు వంతులన్నీ రిజిస్టర్లో రాసేవాళ్ళు. పేజీలు చిరిగేవి, సిరా రంగులు మారేవి, ఒకరి వంతు ఇంకొకరి పేరు మీదికి ఎక్కేది. అందుకే కంప్యూటర్ పెట్టారు. లైసెన్సుకు ఖర్చు లేదని పైనుంచి లినక్స్ సీడీలు పోస్టులో పంపారు. రైతు అర్జీ తెస్తే నేను స్కాన్ చేసి, కాగితం మళ్ళీ అతని చేతికే ఇచ్చేసేవాణ్ణి. మా దగ్గర కాగితం ఉంచడానికి ఏ ఊరివాడూ ఒప్పుకోలేదు. "మీ బీరువా మింద మాకు నమ్మకం ల్యా సార్" అని మొహం మీదే చెప్పారు. కాలువకు నీళ్ళు వదిలే రోజున ఒక్కో రైతుకు ఒక్కో చీటీ, అతని అర్జీ బొమ్మతో సహా అచ్చువేసి, ఊరికొక కట్టగా జీపులో తూము దగ్గరికి పంపాలి. రెండు కట్టలూ చేతికి వస్తేనే తూము దగ్గరుండే లస్కర్ దాని తలుపు ఎత్తాలి. ఒకటే వస్తే ఎత్తకూడదు. అది ఒప్పందం.

లినక్స్ ఎక్కించేటప్పుడు ఒకచోట ఆగి మిమ్మల్ని అడుగుతుంది చూడండి, డిస్కు ఎట్లా పంచాలని. సరైన పద్ధతి నాకు తెలియక కాదు. సిస్టమ్‌కు ఒక గది, అంటే ఒక పార్టిషన్, మిషన్ తన పనులు రాసుకునే లాగులకు ఇంకో గది, మిగిలిందంతా ఒకే పెద్ద గది. ఎవరికి ఎంత జాగా పడుతుందో ముందే చెప్పలేం కాబట్టి ఆ పెద్ద గదిలో గోడలు కట్టకూడదు. కానీ మా ఆఫీసరు నా కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. కోస్తా నుంచి వచ్చినాయన, ఎప్పుడు బదిలీ అవుతుందా అని కేలండర్ చూసుకుంటూ బతికేవాడు.

"రెండూళ్ళకీ రెండు గదులు కట్టవయ్యా. వెంట్రుకవాసి తేడా రాకూడదు. తేడా వస్తే నీ ఇంటికి ఒక జీపు వస్తుంది, నా ఇంటికి రెండొస్తాయి" అన్నాడు.

అట్లాగే చేశాను. సిస్టమ్‌కు చాలీచాలని జాగా వదిలి, మిగిలిన డిస్కును సరిగ్గా సగం చేసి, పైవూరుకొకటి, కిందూరుకొకటి ఇచ్చాను. ఒక ఊరి కాగితం ఇంకో ఊరి గదిలో ఎప్పటికీ పెట్టనని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాను. రెండు ఊళ్ళ మనుషులూ సంతకాలు పెట్టారు. న్యాయంగా పంచానని ఆరోజు ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను కూడా. నా భార్య "ఇద్దరు తినే ఇంటికీ ఇరవైమంది తినే ఇంటికీ ఒకటే గంజి పోస్తే అది న్యాయమా?" అంది. ఆడవాళ్ళకు కంప్యూటర్ సంగతి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. సిగ్గులేని మాట, అయినా అనుకున్నది రాయాలి కదా.

ప్రతి సోమవారం రెండు ఊళ్ళ నుంచీ ఒక్కో మనిషి వచ్చి గదులు సమానంగా ఉన్నాయో లేదో చూసుకునేవాడు. పైవూరు తరఫున వచ్చేది పొడుగాటి మనిషి, ఎండాకాలంలో కూడా ఊలు మఫ్లర్ కట్టుకునేవాడు. దాని కింద ఏం పెట్టుకున్నాడోనని నా చూపు ఎప్పుడూ మెడ మీదే ఉండేది. కిందూరు తరఫున వచ్చేది మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరైన టీచరు. మెత్తగా మాట్లాడేవాడు, అందుకే ఆయన మీదా అనుమానమే. నేను డి.ఎఫ్. అని కొట్టేవాణ్ణి. ఏ గది ఎంత పెద్దది, ఎంత నిండింది, ఎంత మిగిలింది, అన్నీ ఒక పట్టీలా వస్తాయి. వాళ్ళు మొదటి అంకె చూసి, రెండూ ఒకటేనని తల ఊపి పోయేవాళ్ళు. ఎంత నిండిందో చెప్పే అంకె వాళ్ళకు పట్టలేదు. సంవత్సరం తిరిగేసరికి నేనూ చూడడం మానేశాను.

ఒక సోమవారం పైవూరు మఫ్లరాయన పులివెందుల నుంచి ఒక కంప్యూటర్ సెంటరు మనిషిని జీపులో తీసుకొచ్చాడు. కిందూరు టీచరు కూడా అదే రోజు ప్రొద్దుటూరు నుంచి ఒకణ్ణి తెచ్చాడు, బంగారు అంగట్లో కంప్యూటర్ చూసేవాడట. ఆ వచ్చినవాళ్ళిద్దరూ తెర మీద వేళ్ళు పెట్టి కూడికలు తీసివేతలు వేశారు. ఒకరి మొహం ఒకరు చూడకుండానే ఇద్దరూ ఒకే మాట చెప్పారు, లెక్క కుదరడం లేదని. నిండిందీ మిగిలిందీ కలిపితే మొత్తం రావడం లేదు. నూటికి అయిదు పాళ్ళు తక్కువ.

"ఈ అయిదు పాళ్ళు యాడికి పోయినాయి సార్?" అన్నాడు మఫ్లరాయన.

చెప్పాను. లినక్స్ ప్రతి గదిలోనూ అయిదు పాళ్ళు విడిగా దాచిపెడుతుంది, గది నిండిపోయినా ఆపద సమయంలో రూట్ అనేవాడు ఆ జాగా వాడుకోవచ్చు, ఇంట్లో విత్తనాల గింజలు దాచినట్టే అన్నాను.

"ఈ రూట్ ఎవురు?" అన్నాడు టీచరు.

"నేనే" అన్నాను.

జీవితంలో మొదటిసారి, చివరిసారి మఫ్లరాయనా టీచరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మఫ్లరాయన కుర్చీ ముందుకు జరుపుకుని, "అంటే రెండూళ్ళ సొత్తులోనూ నువ్వు అయిదు పాళ్ళు దాపెట్టుకున్యావు. ఎవరి కోసరం అప్పా?" అన్నాడు. సార్ పోయి అప్పా వచ్చింది. అక్కడే, అందరూ చూస్తుండగా, ఒక్క కమాండ్ కొట్టి రెండు గదుల్లోనూ ఆ అయిదును సున్నా చేసేశాను. లెక్క కుదిరింది. వాళ్ళు సంతోషంగా లేచి, ఎవరి హోటల్‌కి వాళ్ళు టీకి పోయారు. గండం గడిచిందని నేనూ ఊపిరి పీల్చుకున్నాను. దాచిన గింజలు పారబోశానని అప్పుడు తోచలేదు.

తోచింది ఇంకొకటి. ఈ అయిదు పాళ్ళ సంగతి వీళ్ళకు ఎవరు ఉప్పందించారు? అంతకుముందు శనివారం నా గదిలోకి వచ్చి, తెర చూస్తూ కూర్చున్నది ఒక్కడే. లస్కర్ మామ.

లస్కర్ మామ ఇనుప హ్యాండిల్ తిప్పి తూము తలుపు ఎత్తి దించే మనిషి. సాయిబు. గడ్డం తెల్లబడింది, చేతులు మాత్రం మోకులే. నెలకోసారి జీతానికి వచ్చినప్పుడు నా గదిలో ఫ్యాను కింద కూర్చుని, "ఈ టీవీలో సినిమా రాదా అప్పా?" అని ఎగతాళి చేసేవాడు. అంతదాకా ఆయనంటే నాకు ఇష్టమే. ఆ సోమవారం నుంచి ఆయన ప్రతి పనీ వేరుగా కనపడింది. కిందూరు హోటల్లో టీ తాగుతుంటే చూశాను. పైవూరు మనిషి బండి మీద వస్తుంటే చూశాను. ఇద్దరికీ పనిచేస్తున్నాడా అని కూడా అనుకున్నాను. అనుమానం పట్టినవాడికి ప్రతిదీ సాక్ష్యమే. ఆ అయిదు పాళ్ళ తేడా తెర మీద ఎప్పుడూ కనపడుతూనే ఉందని, కూడిక వచ్చిన ఎవడైనా పట్టుకోగలడని, ఒకరు ఉప్పందించాల్సిన పనే లేదని నా బుర్రకు తట్టలేదు.

నీళ్ళు వదిలే రోజు వచ్చింది. ఆ ఏడు వానలు లేవు. కిందూరు కయ్యల్లో పైరు తల వేలాడేసింది, ఇంకో నాలుగు రోజులు తడి లేకపోతే ఎండిపోయేదే. మా ఆఫీసరు కడపలో మీటింగ్ పెట్టుకుని తెలివిగా తప్పుకున్నాడు. పొద్దున ఎనిమిదికి చీటీలు అచ్చు మొదలుపెట్టాను. పైవూరు కట్ట గంటలోపే అయిపోయింది. కిందూరువి సగం దాటాక తెల్లకాగితాలు రావడం మొదలైంది.

ఫైళ్ళు చూశాను. పేర్లున్నాయి, లోపల సున్నా. డి.ఎఫ్. కొట్టాను. కిందూరు గది నూటికి నూరు నిండిపోయి ఉంది. పైవూరు గది మూడో వంతు కూడా నిండలేదు. అంతమంది చిన్న రైతులు, అన్ని అర్జీలు, ఎన్నో కాగితాలు, వారం కిందటే నిండిపోయింది. ఆఖరి వారంలో చేసిన స్కాన్లన్నీ జాగా లేక ఖాళీగా పడ్డాయి. స్కాన్ చేసే ప్రోగ్రాం కిక్కురుమనలేదు. లెక్కపెట్టాను. ముప్పై ఒక్క మంది రైతులు.

ఆ అయిదు పాళ్ళుంటే రూట్‌గా పోయి అందులో పెట్టేవాణ్ణి. ఇప్పుడది లేదు. సిస్టమ్ గదిలో లాగులన్నీ తుడిచినా పది అర్జీలకు కూడా జాగా రాలేదు. అయినా మళ్ళీ స్కాన్ చేయడానికి అర్జీలేవీ? అవి రైతుల జేబుల్లో ఉన్నాయి. రైతులు తూము దగ్గర ఉన్నారు. ఇక మిగిలిన దారి ఒక్కటే. అర్జీలు తెప్పించి, పైవూరు గదిలో ఖాళీగా పడివున్న జాగాలో పెట్టి, కిందూరు గదిలో ఉన్నట్టే కనపడేలా ఒక లింకు వేయడం. పది నిమిషాల పని. కానీ పెట్టనని సంతకం చేసింది నేనే.

వరండాలో ఆ చివర మఫ్లరాయన, ఈ చివర టీచరు, చెరొక బెంచీ మీద కూర్చుని ఉన్నారు. టీచరుకు చెబితే మా చీటీలు మింగేశారంటాడు. మఫ్లరాయనకు చెబితే మా గది ఆక్రమిస్తారా అంటాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. తలుపు దగ్గరగా వేసి, "ప్రింటర్ మొరాయిస్తోంది, కూర్చోండి" అన్నాను.

తూము గదిలో ఒక ఫోనుండేది. తొమ్మిదిన్నరకు మోగించాడు లస్కర్ మామ.

"అప్పా, జీపు ఇంగా రాల్యా. ఏంది సంగతి?"

ఆయన పక్కన ఎవరు నిలబడి వింటున్నారో అనుకున్నాను. "ప్రింటర్ కొంచెం సతాయిస్తోంది మామా. చీటీలు వస్తాయి."

"సరేలే. వాళ్ళకు అదే చెప్తా."

పదకొండుకు మళ్ళీ చేశాడు. వెనక జనం కేకలు వినపడుతున్నాయి.

"శానా మంది అయినారప్పా. పైవూరోళ్ళు ఆ గట్టు మింద, కిందూరోళ్ళు ఈ గట్టు మింద. నడిమధ్యన నేనుండా. నిజం చెప్పు. వస్తాయా, రావా? రావంటే హ్యాండిల్ సంకలో పెట్టుకొని ఇంటికి పోతా. నాకేం ఫికర్ ల్యా."

నోటిదాకా వచ్చింది. మిషన్‌లో జాగా అయిపోయింది మామా, కిందూరోళ్ళ కాగితాలు నువ్వే వసూలు చేసి పంపు, అనాలి. అంతే మాట. కానీ ఈయన ఆ మాట పట్టుకెళ్ళి ఎవరి చెవిలో వేస్తాడో అన్న అనుమానంతో దాన్ని మింగేశాను.

"వస్తాయి మామా. తప్పకుండా వస్తాయి. వాళ్ళకు చెప్పు" అన్నాను.

"నువ్వు చెప్పినావంటే సరే" అని పెట్టేశాడు.

పన్నెండు దాటాక ఇక దాచలేకపోయాను. వరండాలోకి వచ్చి, ఇద్దరి మధ్యా నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. టీచరు మొహం పాలిపోయింది. "ముప్పై ఒక్క ఇండ్లా సార్?" అన్నాడంతే. నేను మఫ్లరాయన వైపు తిరిగాను. ఏం తీస్తాడోనని ఆయన మెడ వైపే చూస్తున్నాను.

ఆయన మఫ్లర్ విప్పి మొహం తుడుచుకున్నాడు. మెడ మీద వాచిన గడ్డ తప్ప ఏమీ లేదు. "మా గదిలో జాగా ఉత్తగనే పడుందా?"

"ఉంది."

"పెట్టుకోండి. ఎన్ని దినాలు పెట్టుకుంటారో రాసియ్యండి. మా కాగితాలు వాళ్ళకు కనపడగూడదు. అంతే. దీనికి మూడు గంటలేంది సార్, పొద్దున్నే అడిగింటే అప్పుడే చెప్పింటా కదా" అన్నాడు.

పరుగెత్తి లోపలికి పోయి తూముకు ఫోన్ చేశాను. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ. టీచరును ఎక్కించుకుని జీపు పోయింది, కాగితాలు తేవడానికి. తిరిగొచ్చిన జీపులో కాగితాలు లేవు. వెనక సీట్లో లస్కర్ మామ ఉన్నాడు, కుడిచెయ్యి భుజం దగ్గర వెనక్కి తిరిగిపోయి ఉంది, టీచరు తన కండువాతో దాన్ని పట్టుకుని ఉన్నాడు. జనం హ్యాండిల్ కోసం పెనుగులాడారట. చీటీలు వస్తాండాయి, మా సార్ చెప్పినాడు, అంటూ ఆయన వదల్లేదట. ఆఖరికి అదే హ్యాండిల్‌తో కొట్టారు. ఏ ఊరివాడు కొట్టాడో ఆయన పోలీసులకు చెప్పలేదు, నాకూ చెప్పలేదు. గట్టు మీద నుంచి జారిపడ్డానని రాయించాడు.

నీళ్ళు మూడో రోజు వదిలారు, చేత్తో రాసిన చీటీలతో. పైర్లు చాలావరకు బతికాయి. తర్వాత నేను రెండో డిస్కు తెప్పించి, గోడలన్నీ తీసేసి, అందరికీ ఒకే గది చేశాను. అయిదు పాళ్ళూ మళ్ళీ దాచాను. ఈసారి ఎవడూ అడగలేదు. నాకొక మెమో వచ్చింది, ఆఫీసరుకు కోరుకున్న బదిలీ వచ్చింది. ఇదంతా చాలామందికి చెప్పాను. డిస్కు సగం చేయకండి, నిండిన అంకె చూడండి, దాచిన రిజర్వు తీయకండి, అని పాఠంలాగా చెప్పాను. విన్నవాళ్ళంతా డిస్కు నిండిపోవడం వల్లే ఆయన చెయ్యి పోయిందనుకున్నారు. నేనూ అనుకోనిచ్చాను.

చెప్పని సగం ఇది: దెబ్బ తగిలిన వారం తర్వాత ప్రొద్దుటూరు ఆస్పత్రికి పోయాను. చేతికి భుజం దాకా కట్టు. డాక్టరు ఆ చెయ్యి ఇక భుజం పైకి లేవదన్నాడట. తూము హ్యాండిల్ తిప్పే మనిషికి అది లేవకపోతే ఇంకేముంది. నేను తెచ్చిన బత్తాయిలు పక్కన పెట్టి కూర్చున్నాను. ఆయన భార్య బయటికి పోయేదాకా ఆగాడు.

"అప్పా, ఒగ మాట అడుగుతా. టీచరు చెప్పినాడు, మిషన్‌లో జాగా అయిపోయిందంట కదా. పొద్దున తొమ్మిదికే నీకు తెలుసంట."

తల ఊపాను.

"కాగితాలన్నీ వాళ్ళ జోబుల్లోనే ఉండె. చెప్పింటే నేనే వసూలు చేసి పంపింటి. రెండు తూర్లు అడిగితి నిన్ను." ఆయన గొంతులో కోపం లేదు, అదే నాకు భరించలేనిది. "నేను ఎవురికన్నా చెప్తానని అనుమానపడితివా?"

చెప్పాల్సిన జవాబు ఒకటే ఉంది. అది నా నోట్లోనే ఉంది. వార్డులో మనుషులున్నారు, ఆయన భార్య గుమ్మం దగ్గరికి వచ్చేసింది.

"అయ్యో, లేదు మామా. ప్రింటర్ బాగవుతుందనే అనుకున్నాను" అన్నాను.

"అదే నేనూ చెప్పినా మా ఇంటిదానికి. సార్ అట్లాంటోడు కాదే అని" అంటూ, ఎడమచేత్తో ఒక బత్తాయి తీసి నాకిచ్చాడు. ఆయన నన్ను నమ్మాడు.